మన్యం పోరు నేల మీద మా ఇంటివాళ్ళం ఒక రోజు

  వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ మా హాస్టల్ పిల్లలూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఈ రోజు హాజరు వెయ్యం.

మన్యం పోరాటం గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచారు. మేము చరిత్ర పండితులం కాము. టీచరు ట్రైనింగు అయ్యాక వార్డెన్ ఉద్యోగంలో చేరాం. అప్పటినుంచి బియ్యం లెక్కలు, కోడిగుడ్ల లెక్కలు, రాత్రి పదింటికి ఎవరికి జ్వరం వచ్చిందీ అన్న లెక్కలు, ఇదే మా చదువు. అందుకని చరిత్ర పాఠం చెప్పం. పోయిన వేసవి సెలవుల్లో మా ఇంటివాళ్ళం అయిదుగురం ఒక చోటికి వెళ్ళి వచ్చాం. అక్కడ ఏం చూశాం, ఏం విన్నాం అన్నది చెబుతాం. అందులో మా ఇంటి గుట్టు ఒకటి ఉంది. చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాం. చెప్పమని మా అమ్మే అంది కాబట్టి చెబుతున్నాం.

ప్రయాణం అనుకున్నది మా అబ్బాయి వల్ల. వాడు ఇంటర్ చదువుతున్నాడు. కాలేజీలో వక్తృత్వ పోటీ ఉంది, అంశం 'స్వాతంత్ర్య పోరాటంలో నా ప్రాంతం'. వీడు కొండరెడ్డి పిల్లవాడు, రంపచోడవరం పైనున్న ఊరివాడు. ఇంకేం కావాలి! మా పూర్వీకులు అల్లూరి సీతారామరాజు సైన్యంలో పోరాడారు అని మొదలుపెట్టి రెండు పేజీలు రాసేశాడు. ఎవరు పోరాడారురా, పేరేమిటి అని అడిగితే, "ఎవరో ఒకళ్ళు పోరాడే ఉంటారు కదమ్మా, లేకపోతే ఎలా?" అన్నాడు. వాళ్ళ నాన్న నవ్వి, సరే, ఒకసారి వెళ్ళి చూసి వద్దాం పదండి అన్నారు. బండి మాట్లాడారు. మేము, ఆయన, అబ్బాయి, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, డెబ్బై దాటిన మా అమ్మ.

రాజమండ్రిలో తెల్లవారుజామున బయలుదేరాం. పులిహోర పొట్లాలు, మజ్జిగ సీసాలు, అమ్మ చుట్టల డబ్బా. ఘాటు రోడ్డులో పెద్దవాళ్ళకి కడుపులో తిప్పుతుంది, కిటికీ పక్కన కూర్చోబెట్టాలి. మీరెవరైనా మీ అవ్వని తీసుకెళితే ఇది మరిచిపోకండి.

గోకవరం దాటేదాకా మనకి తెలిసిన డెల్టా గాలే. ఆ తరవాత కొండలు కనిపించాయి, అమ్మ మొహం మారింది. రంపచోడవరం, గంగవరం, అడ్డతీగల, జడ్డంగి, రాజవొమ్మంగి. ఒకప్పుడు ఇవన్నీ తూర్పు గోదావరి జిల్లాలోవే. ఈ పేర్లు మీకు బస్సు బోర్డుల మీద తెలుసు, సెలవులకి ఇంటికి వెళ్ళే దారి కదా. ఇవి పోరాటం జరిగిన ఊళ్ళ పేర్లు కూడా. మన దేశంలో యుద్ధభూమి అంటే పానిపట్టు అని రాస్తాం, పరీక్షలో మార్కులు వస్తాయి. ఒకప్పటి మన జిల్లాలోనే పిఠాపురం దగ్గర చెందుర్తిలో 1758 డిసెంబరులో ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ యుద్ధం చేశారు. ఫ్రెంచివాళ్ళు ఓడారు, కోస్తా మెల్లగా కంపెనీ చేతికి పోయింది. ఆ సంగతి మాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. పైరు మీద నడిచిపోయిన సైన్యం గుర్తు పొలంలో ఎన్నాళ్ళుంటుంది! మన్యంలో అలా కాదు. ఇక్కడ యుద్ధం ఒక మైదానంలో ఒక పూటలో జరిగింది కాదు. ఒక పోలీసు స్టేషను, ఒక ఘాటు మలుపు, ఒక వాగు, ఒక చింతచెట్టు, అలా 2 సంవత్సరాలు కొండల పొడుగునా జరిగింది. అందుకే దాన్ని చూడాలంటే బండిలో తిరగాలి.

రాజవొమ్మంగిలో బండి ఆపాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు తీసుకుపోయారు. రాజవొమ్మంగి స్టేషనులో బంధించి ఉంచిన వీరయ్యదొరని విడిపించి తమతో తీసుకెళ్ళారు. మా అబ్బాయి ఈ తేదీలన్నీ గడగడా చెప్పాడు. సినిమా చూసినవాడికి ఈ మాత్రం తెలుస్తుంది. 1974లో వచ్చిన సినిమా మా తరానిది, 2022లో వచ్చింది వీళ్ళది.

వీరయ్యదొర ఎందుకు జైల్లో ఉన్నాడు, గంటందొరకి కోపం ఎందుకు వచ్చింది అని మా అమ్మాయి అడిగింది. అది మంచి ప్రశ్న. సినిమాలో తుపాకులు తీసుకున్నప్పటినుంచే కథ పరుగెడుతుంది, అంతకుముందు జరిగిందే మనకి ముఖ్యం.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. మన తాతలు పోడు కొట్టుకుని చోళ్ళు, సామలు, కందులు పండించుకున్న కొండ ఒక్కసారిగా సర్కారు రిజర్వు అయిపోయింది. కట్టె కొడితే నేరం, పశువుని తోలితే నేరం. అంతకు ముందే, 1879లో, రంప ప్రాంతంలో ఒక పెద్ద తిరుగుబాటు జరిగింది. అది కల్లు మీద పన్నుతో మొదలైంది. చెట్టు మాది, కొండ మాది, గీసుకునేది మేము, పన్ను ఎవడికి అని. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర ఆ పోరాటంలో వాళ్ళే. అప్పటికి సీతారామరాజు గారు పుట్టనే లేదు. ఆయన పుట్టింది 1897 జులై 4న. ఇది గుర్తుపెట్టుకోండి. రాజు గారు వచ్చేసరికి కొండ నిద్రపోతూ లేదు.

ఇక గూడెం వైపు బాస్టియన్ అని ఒక డిప్యూటీ తాసిల్దారు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి కొండ మీద రోడ్డు వేయించాడు. రాళ్ళు కొట్టింది, మోసింది మనవాళ్ళు. కూలి సరిగా ఇవ్వలేదు, అడిగినవాడిని కొట్టించాడు. గాం గంటందొర బట్టిపనుకుల మునసబు. ఆయన మునసబు పని తీసేశారు, భూమి లాక్కున్నారు. రాజు గారు కూడా మొదట తుపాకీ పట్టలేదు. అర్జీలు పెట్టించారు, కల్లు మానమన్నారు, తగవులు కోర్టులకి పోకుండా పంచాయతీలో తీర్చుకోమన్నారు. అవేవీ పైవాళ్ళ చెవికెక్కలేదు.

పిల్లలూ, మీలో ఎంతమంది నాన్నలు ఉపాధి హామీ కూలి కోసం మూడేసి నెలలు ఎదురుచూశారో మాకు తెలుసు. కూలి ఎగ్గొట్టడం అనేది ఎంత కోపం తెప్పిస్తుందో మీకు పుస్తకం చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. సీతారామరాజు గారు డెల్టా పిల్లవాడు. వాళ్ళ నాన్నగారు ఈ రాజమండ్రిలోనే ఫొటోలు తీసే పని చేశారు. మీరు చదువు కోసం కొండ దిగి ఇక్కడికి వచ్చారు. ఆయన చదువు వదిలేసి ఇక్కడినుంచి కొండ ఎక్కారు. దారి అదే.

కృష్ణదేవిపేట చేరేసరికి మధ్యాహ్నం అయింది. ఎండ మాడిపోతోంది. తాండవ నది ఒడ్డున ఉన్న ఊరు. 1924 మే 7న రాజు గారిని మంప దగ్గర పట్టుకుని కొయ్యూరు తీసుకొచ్చారు. చెట్టుకి కట్టి కాల్చారని మనవాళ్ళు చెబుతారు. పారిపోబోతే కాల్చామని సర్కారు కాగితం చెబుతుంది. శవాన్ని ఇక్కడికి తెచ్చి దహనం చేశారు. అప్పటికి ఆయనకి 27 నిండలేదు. మా పక్కింటి పెద్దబ్బాయి వయసు, వాడు ఇంకా గ్రూప్ 2 కి చదువుతున్నాడు.

ఆ చోటు ఇప్పుడు పార్కు. చెట్లు, దారి, విగ్రహం. జనం బాగానే ఉన్నారు. ఒక పెళ్ళి బృందం కూడా దిగింది, పెళ్ళికొడుకు విగ్రహం ముందు విల్లు పట్టినట్టు నిలబడి ఫొటో తీయించుకున్నాడు. తప్పేం లేదు, మా అబ్బాయీ అదే చేశాడు. భీమవరంలో 2022 జులై 4న ప్రధానమంత్రి వచ్చి 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించినప్పుడు మా హాస్టల్ పిల్లలు టీవీలో చూసి చప్పట్లు కొట్టారు. ఆ సభలో మల్లుదొర గారి కుటుంబాన్ని కూడా సత్కరించారు. మల్లుదొర అంటే గంటందొర గారి తమ్ముడు. 1923 సెప్టెంబరులో పట్టుబడి, జైలు అనుభవించి, బయటికి వచ్చి, 1952లో జరిగిన మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచారు. కొండ మనిషి ఢిల్లీ వెళ్ళి కూర్చున్నాడు. ఈ సంగతి చెబితే మా పిల్లలు నమ్మలేదు. ఇంటర్నెట్‌లో వెతికి చూసుకుని అప్పుడు నమ్మారు. వార్డెన్ మాటకి విలువ అంతే.

పార్కులో రాజు గారి సమాధి ఉంది, గంటందొర గారి సమాధి ఉంది. రాజు గారి దగ్గర జనం, పూలు, ఫొటోలు. గంటందొర గారి దగ్గర మేము వెళ్ళేసరికి ఎవరూ లేరు. మా అమ్మాయి అటూ ఇటూ చూసి, "అమ్మా, ఇంతేనా? మిగతావాళ్ళు ఎక్కడ?" అంది. ఏం చెప్పాలి! పెద్దగడ్డపాలెం దగ్గర 1922 డిసెంబరులో జరిగిన పోరులో పోయినవాళ్ళున్నారు. ఆ మీద పట్టుబడ్డవాళ్ళు, జైళ్ళలో చనిపోయినవాళ్ళు ఉన్నారు. అడవిలో ఉన్నవాళ్ళకి అన్నం పెట్టారని దెబ్బలు తిన్న ఆడవాళ్ళున్నారు. వాళ్ళందరికీ సమాధులు లేవు తల్లీ అన్నాం.

మా అమ్మ ఈలోగా గంటందొర గారి సమాధి దగ్గర నీడలో కూర్చుంది. చుట్ట తీసింది, మళ్ళీ లోపల పెట్టేసింది. అబ్బాయి సంబరంగా వెళ్ళి, "అమ్మమ్మా, మన తాతల్లో ఎవరు రాజు గారితో ఉన్నారో నీకు తెలుసా?" అని అడిగాడు. ఫోన్‌లో రికార్డింగు కూడా పెట్టాడు. ఉపన్యాసానికి పనికొస్తుందని.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పింది. మా వాళ్ళ మాట మా వాళ్ళ మాటలోనే చెబుతాం.

"రాజు గారితో ఎవరూ లేరయ్యా. మా తాత పోలీసోళ్ళ మూట మోసాడు."

అబ్బాయి ఫోన్ ఆపేశాడు.

సంగతి ఇది. రాజు గారిని పట్టుకోవడానికి సర్కారు మలబారు పోలీసుల్ని దింపింది. 1924 మొదట్లో అస్సాం రైఫిల్స్ వచ్చారు. వాళ్ళకి కొండదారి తెలియదు, లారీ ఎక్కదు. బియ్యం, గుడారాలు, తూటాల పెట్టెలు ఎవరు మోస్తారు? ఊళ్ళ మీద పడి మగవాళ్ళని తోలుకుపోయారు. వెట్టి. మా అమ్మ వాళ్ళ తాత అప్పుడు పెళ్ళయిన కుర్రవాడు. పదకొండు రోజులు మూట మోశాడట. తిరిగొచ్చేసరికి భుజం మీద కాయ కాసింది, అది చచ్చేదాకా అలాగే ఉందట. అదే రోజుల్లో ఆయన సొంత తమ్ముడు అడవిలోకి చోళ్ళు పంపాడని దెబ్బలు తిన్నాడు. ఒకే ఇంట్లో ఒకడు అటు, ఒకడు ఇటు. పండగనాడు అన్నదమ్ములు ఒకే కుండ దగ్గర కూర్చునేవారు, కానీ ఆ మాట ఎత్తేవారు కాదు. ఊళ్ళో మటుకు ఎవరో ఒకరు ఎత్తేవారు, దారి చూపించిన ఇల్లు అని. సంబంధాలు చూసేటప్పుడు మరీను. మా అమ్మకి ఇదంతా వాళ్ళ నాయనమ్మ చెప్పింది, బయట అనొద్దని ఒట్టు వేయించుకుని మరీ. అందుకే మాకు కూడా చెప్పలేదు. నలభై ఏళ్ళు దాటాక, ఉద్యోగం చేస్తూ, ప్రతి ఆగస్టు 15కి పిల్లల చేత అల్లూరి వేషం వేయిస్తూ, మేము మొదటిసారి విన్నాం.

అబ్బాయి మొహం చూడలేకపోయాం. వాడు కాసేపటికి, "తాత కావాలని నెమ్మదిగా నడిచి ఉంటాడు అమ్మమ్మా, వాళ్ళకి ఆలస్యం అవ్వాలని," అన్నాడు. వాడికి ఎలాగైనా ఒక వీరుడు కావాలి. అమ్మ ఒప్పుకోలేదు.

"లేదయ్యా. భయానికి నడిచాడు. కొడతారని నడిచాడు. ఇంటికాడ పెళ్ళాం, పిల్ల ఉన్నారని నడిచాడు."

ఆ మాట మీద ఎవరం ఏమీ అనలేకపోయాం. మా ఆయన వెళ్ళి అందరికీ నిమ్మసోడా తెచ్చారు. మాటలు రానప్పుడు ఆయన ఏదో ఒకటి తెస్తారు.

తిరుగు ప్రయాణంలో అబ్బాయి ముందు సీట్లో కూర్చుని అడ్డతీగల దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఊరుకోబెట్టడానికి మేము దామనపల్లి సంగతి ఎత్తాం. అది కొండ పైన, చింతపల్లి వైపు. ఆ పూట అటు వెళ్ళలేకపోయాం. 1922 సెప్టెంబరు 24న అక్కడి ఘాటులో పోలీసు బలగం వరసగా వెళుతుంటే రాజు గారి మనుషులు పైన పొదల్లో ఉన్నారు. ముందు నడిచిన మన దేశపు పోలీసుల్ని పోనిచ్చారు. వెనకాల వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని మాత్రమే గురిపెట్టి కొట్టారు. ఎంత గురి, ఎంత ఓర్పు చూడు అని చెబుతున్నాం. అబ్బాయి పలకలేదు. వెనక సీట్లో అమ్మమ్మ భుజం మీద తల పెట్టి పడుకుందనుకున్న అమ్మాయి లేచి, "అయితే పైనున్నవాళ్ళకి కింద ఎవరు నడుస్తున్నారో తెలుసు కదమ్మా. మూట మోసేవాళ్ళని కూడా చూసే ఉంటారు. వాళ్ళని కొట్టలేదు కదా," అంది.

మేము వార్డెన్ ఉద్యోగంలో చాలా ఉపన్యాసాలు విన్నాం, కొన్ని ఇచ్చాం. ఇది మాకు తట్టలేదు. దామనపల్లి ఒక్క చోటి మాటే అది, అన్ని చోట్లా అలాగే జరిగిందని మేము అనం. మా ముత్తాత ఆ రోజు ఆ వరసలో లేడు కూడా, ఆయన మోసింది తరవాత. అయినా, కింద మూట కింద వంగి నడుస్తున్నవాడు తనవాడే అని పైన తుపాకీ పట్టినవాడికి తెలుసు. తెలియనిది మనకి. వందేళ్ళ తరవాత మనం ఆ మూట మోసినవాడి ఇంటిని దారి చూపించిన ఇల్లు అంటాం.

పిల్లలూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాం. స్టేటస్‌లో విల్లు, బాణం పెట్టుకుంటారు, బావుంటుంది. మీలో ప్రతి ఒక్కరి ఇంట్లో రాజు గారి సైనికుడు ఉండి ఉంటే ఆ సైన్యం వేలల్లో ఉండాలి. అంతమంది లేరు. చేతుల్లో విల్లంబులు, స్టేషన్లలో తీసుకున్న కొద్ది తుపాకులు, చుట్టూ అన్నం పెట్టే ఊళ్ళు. మిగతా మనవాళ్ళు ఏం చేశారు? కొందరు అన్నం పెట్టారు. కొందరు తలుపు వేసుకున్నారు. కొందరు దెబ్బలకి తాళలేక నోరు విప్పారు. కొందరు మోశారు. వీళ్ళందరూ మన తాతలే, ముత్తవ్వలే. పుస్తకాల్లో వాళ్ళ గురించి ఉన్నది చాలా తక్కువ, అందులోనూ చాలా మటుకు తెల్లదొరలు పై అధికారులకి రాసుకున్న కాగితాల్లోనే ఉంది. మనవాళ్ళ వైపు మాట మీ అవ్వల నోట్లో ఉంది. వాళ్ళలో చాలామంది ఒట్టు వేసి ఉన్నారు. మీరు వీరుడి కథ చెప్పమని అడిగితే వాళ్ళు నోరు విప్పరు. అప్పుడు ఏం తిన్నారు, ఎక్కడ దాక్కున్నారు, ఎవరు కొట్టారు అని అడగండి. చెబుతారు. త్వరగా అడగండి.

దేవీపట్నం వైపు పిల్లలు ఇక్కడ ఉన్నారు. మీ ఊళ్ళు పోలవరం నీళ్ళ కింద పోయాయి. మీ అవ్వ రేవు చూపించి చెబుదామంటే రేవు లేదు. మీరు మరీ త్వరపడాలి.

మా అబ్బాయి పోటీకి వెళ్ళాడా అని మీరు అడుగుతారు. వెళ్ళాడు. రాసిన రెండు పేజీలు పక్కన పెట్టి, మూట గురించే మాట్లాడాడు. బహుమతి రాలేదు. జడ్జీలకి అంశం దాటిపోయినట్టు అనిపించిందట. ఇంటికొచ్చి అమ్మమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, మొదటినుంచి మళ్ళీ చెప్పమని అడిగి, తన చేతి రాతతో ఒక లాంగు నోట్‌బుక్కులో రాశాడు. అమ్మకి రాయడం రాదు, వేలిముద్ర వేసింది.

ఆ నోట్‌బుక్కు ఇప్పుడు మా హాస్టల్ ఆఫీసులో, స్టాకు రిజిస్టర్ల పక్కన ఉంది. సెలవులకి వెళ్ళి వచ్చిన పిల్లలు ఒక్కొక్కరు రాస్తున్నారు. ఇప్పటికి 9 మంది రాశారు. ఒకడు ఏడు పేజీలు రాశాడు, అందులో సగం వాడి కల్పన అని మాకు అనుమానం, వాడిని మళ్ళీ వాళ్ళ తాత దగ్గరికి పంపుతాం. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి రెండు వాక్యాలే రాసింది. వాళ్ళ ముత్తవ్వ రాత్రిపూట వాగు అవతల చోడి అంబలి కాచేదట. ఎవరి కోసమో వాళ్ళ అవ్వ చెప్పలేదట. దసరా సెలవులకి వెళ్ళినప్పుడు మళ్ళీ అడుగుతానంది. కింద సగం పేజీ ఖాళీగా వదిలి పెట్టుకుంది.